గుర్తింపు, ప్రవేశం: కృష్ణా డెల్టా నేపథ్యంలో విశ్వవిద్యాలయ అర్హత చరిత్ర (1857–2024)

వ్యాససంగ్రహం

పాఠశాల చదువు ముగించిన విద్యార్థి ఉన్నత విద్యకు తగినవాడా కాదా అన్న నిర్ణయం తెలుగు ప్రాంతాల్లో ఒక్కో కాలంలో ఒక్కో వ్యవస్థ చేతిలో ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయ మెట్రిక్యులేషన్, ఎస్.ఎస్.ఎల్.సి. పథకం, ఇంటర్మీడియట్ బోర్డు, ఎంసెట్ ఈ మార్పులోని ప్రధాన దశలు. అంతర్జాతీయ బాకలారియేట్ (ఐబీ) డిప్లొమా వంటి విదేశీ ధ్రువపత్రానికి ఈ క్రమంలో దక్కిన స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ధ్రువపత్రానికి గుర్తింపు లభించడం వేరు, దాని ఆధారంగా సీటు లభించడం వేరు అన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: మెట్రిక్యులేషన్, ఎస్.ఎస్.ఎల్.సి., ఇంటర్మీడియట్, స్థానికత, ఎంసెట్, ఐబీ డిప్లొమా, సమానార్హత, పెనుమూడి.

1. ఉపోద్ఘాతం

2024 జనవరి 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల్లో ఐబీ విధానాన్ని ప్రవేశపెట్టేందుకు ఆ సంస్థతో ఒప్పందం చేసుకుంది. 2025 జూన్‌లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతికి విస్తరిస్తూ 2035 నాటికి పదో తరగతికి, 2037 నాటికి పన్నెండో తరగతికి చేరాలన్నది ప్రణాళిక. రాష్ట్ర బోర్డు, ఐబీ కలిసి ఉమ్మడి ధ్రువపత్రం ఇస్తాయని కూడా ప్రకటించారు. అదే ఏడాది జూన్‌లో ప్రభుత్వం మారిన తరువాత ఆ ప్రణాళిక ముందుకు సాగలేదు.

ఆనాటి చర్చ ఎక్కువగా ఖర్చు, ఉపాధ్యాయుల శిక్షణ, బోధనామాధ్యమం చుట్టూ సాగింది. ఆ ధ్రువపత్రంతో విద్యార్థి ఏ కళాశాలలో, ఏ నియమం ప్రకారం చేరగలడన్న ప్రశ్నకు తగినంత ప్రాధాన్యం లభించలేదు. ఈ ప్రశ్నను ఒక గ్రామం నుంచి చూస్తే దాని బరువు అర్థమవుతుంది. పెనుమూడి రేపల్లె మండలంలో, కృష్ణానది కుడి ఒడ్డున, పులిగడ్డకు ఎదురుగా ఉన్న గ్రామం. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడే వరకు ఇది గుంటూరు జిల్లాలో భాగం. ఇటువైపు రేపల్లె, తెనాలి మీదుగా గుంటూరు, నది దాటితే దివిసీమ, ఆపై మచిలీపట్నం. ఇటువంటి గ్రామంలోని ప్రభుత్వ పాఠశాల విద్యార్థికి అంతర్జాతీయ డిప్లొమా ఏ తలుపు తెరుస్తుందో తెలియాలంటే, ఆ తలుపులను ఎవరు, ఎందుకు నిర్మించారో ముందుగా తెలియాలి.

2. మెట్రిక్యులేషన్: విశ్వవిద్యాలయమే పరీక్షకురాలు

1857లో లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. తొలినాళ్లలో అది బోధించే సంస్థ కాదు, పరీక్షలు నిర్వహించి పట్టాలిచ్చే సంస్థ. దాని గడప మెట్రిక్యులేషన్ పరీక్ష. మచిలీపట్నంలో 1843లో రాబర్ట్ నోబుల్ ప్రారంభించి, తరువాత కళాశాలగా ఎదిగిన పాఠశాల గానీ, గుంటూరులో 1885లో లూథరన్ మిషన్ స్థాపించిన కళాశాల గానీ తమ విద్యార్థులను మద్రాసు కొలబద్దకే సిద్ధం చేయవలసి వచ్చింది. కృష్ణకు రెండు ఒడ్డుల విద్యార్థులకూ గమ్యం ఒకటే, గడప కూడా ఒకటే.

ఈ పద్ధతిలో పాఠశాల అభిప్రాయానికి తావు లేదు. విద్యార్థి ఏళ్ల తరబడి ఎలా చదివాడన్నదానికి కాక, పరీక్ష గదిలో ఏమి రాశాడన్నదానికే విలువ. ఇందులో ఒక న్యాయం ఉంది: పరీక్షకుడికి విద్యార్థి ఊరూ పేరూ తెలియవు. ఒక నష్టమూ ఉంది: ఉన్నత పాఠశాల తన లక్ష్యాన్ని తాను నిర్ణయించుకోలేక మెట్రిక్యులేషన్ శిక్షణాలయంగా మారింది. కళాశాలకు వెళ్లని అధికసంఖ్యాకుల చదువు కూడా వెళ్లే కొద్దిమంది అవసరాలకు లోబడిపోయింది.

3. ఎస్.ఎస్.ఎల్.సి.: పాఠశాల మాటకు విలువ

ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నంగా 1911 నాటికి మద్రాసు ప్రెసిడెన్సీలో సెకండరీ స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్ పథకం అమలులోకి వచ్చింది. విద్యార్థికి ఇచ్చే పుస్తకంలో పబ్లిక్ పరీక్ష మార్కులతో పాటు పై తరగతుల్లో పాఠశాల ఇచ్చిన మార్కులూ నమోదయ్యేవి. ఆ వివరాలను చూసి కళాశాల చదువుకు ఎవరు అర్హులో విశ్వవిద్యాలయం ప్రకటించేది. చదువు పూర్తిచేయడం ఒక సంగతి, కళాశాలకు అర్హత పొందడం మరొక సంగతి అన్న భేదం ఇక్కడ స్పష్టమైంది.

విద్యాచరిత్ర పరిశోధకులకు ఈ పథకం ప్రత్యేకంగా గమనార్హం. నేడు బ్రిటన్‌లో విశ్వవిద్యాలయాలు ఐబీ విద్యార్థికి ఇచ్చే షరతులతో కూడిన ప్రవేశ హామీకి పాఠశాల ఇచ్చే అంచనా గ్రేడ్లు ఒక ప్రధాన ఆధారం. ఈ దరఖాస్తులు యూకాస్ అనే కేంద్ర సంస్థ ద్వారా జరుగుతాయి. తుది పరీక్ష ఫలితం రాకముందే విద్యార్థిని గురించి ఉపాధ్యాయుడు చెప్పిన మాటను విశ్వవిద్యాలయం పరిగణిస్తుంది. ఫలితం ఆ మాటను నిలబెడితే హామీ ఖాయమవుతుంది. ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం భవిష్యత్తును అంచనా వేయలేదు, గడచిన పనిని నమోదు చేసింది. అయినా పాఠశాల సాక్ష్యానికి ఉన్నత విద్యా ప్రవేశంలో స్థానం కల్పించాలన్న ఆలోచన రెండింటిలోనూ ఒకటే. అంటే ఆ ఆలోచన తెలుగు నేలకు పరాయిది కాదు.

అది ఎందుకు నిలవలేదన్నది అసలు ప్రశ్న. ఒక పాఠశాలలోని అరవై మార్కులు, మరో పాఠశాలలోని అరవై మార్కులు ఒకటి కావు. ఉదారంగా మార్కులిచ్చే పాఠశాల విద్యార్థికి లాభం, కఠినంగా ఇచ్చే పాఠశాల విద్యార్థికి నష్టం. పాఠశాలల సంఖ్య పెరిగేకొద్దీ ఈ తేడాను సవరించడం కష్టమవుతుంది. పబ్లిక్ పరీక్ష మార్కులే తుదిమాటగా మారడానికి ఇది బలమైన కారణం. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు పాలనాకేంద్రం మారింది గానీ, పాఠశాల మాటను ఎంతవరకు నమ్మవచ్చన్న సందేహం మారలేదు.

4. బోర్డు, స్థానికత, ఎంసెట్

స్వాతంత్ర్యానంతరం ప్రీ-యూనివర్సిటీ కోర్సు విశ్వవిద్యాలయాల అధీనంలో నడిచింది. 1969–70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ మొదలై, 1971లో ఇంటర్మీడియట్ విద్యా బోర్డు ఏర్పడింది. దీంతో విశ్వవిద్యాలయపు గడప విశ్వవిద్యాలయం చేతిలోంచి రాష్ట్ర బోర్డు చేతిలోకి వెళ్లింది. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడే నాటికి గుంటూరు ప్రాంతపు డిగ్రీ విద్యార్థి అర్హతను నిర్ణయించేది ఈ బోర్డు పరీక్షే.

రెండో మార్పు 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలోని 371-డి అధికరణం దీనికి మూలం. రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులను బట్టి మూడు స్థానిక ప్రాంతాలుగా విభజించి, 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించారు. రాష్ట్రస్థాయి సంస్థల్లో ఈ సీట్లను 42:36:22 నిష్పత్తిలో పంచారు. అర్హత పరీక్ష మొదటిసారి రాసిన విద్యాసంవత్సరంతో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివితే విద్యార్థి అక్కడి స్థానికుడు. పుట్టుక కాదు, పాఠశాల స్థానికతను నిర్ణయించింది.

దీని ఫలితం పెనుమూడి దృష్టితో చూస్తే విచిత్రంగా కనిపిస్తుంది. నదికి అవతలి దివిసీమ వేరే జిల్లా అయినా ఒకే స్థానిక ప్రాంతం. కానీ తొమ్మిదో తరగతి నుంచి హైదరాబాదులో చదివిన పెనుమూడి విద్యార్థి ఉస్మానియా ప్రాంతానికి స్థానికుడు, సొంత ప్రాంతానికి స్థానికేతరుడు. అవే నాలుగేళ్లు కొడైకెనాల్‌లోనో దుబాయిలోనో చదివితే అతడు ఎక్కడా స్థానికుడు కాడు. తల్లిదండ్రులు రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉంటే మిగిలిన 15 శాతం సీట్లకు పోటీపడవచ్చు. వెనుకబడిన ప్రాంతాల విద్యార్థులకు రక్షణగా వచ్చిన నియమం ఇది, దాని ఆవశ్యకతను చరిత్ర నిరూపించింది. వలస కుటుంబాల పిల్లలపై దాని ప్రభావం మాత్రం ఉద్దేశించినది కాదు. రాష్ట్ర విభజన చట్టంలోని 95వ సెక్షన్ ఈ ఏర్పాటును మరో పదేళ్లు, 2024 జూన్ 2 వరకు కొనసాగించింది.

మూడో మార్పు ఎంసెట్. క్యాపిటేషన్ ఫీజును నిషేధించిన 1983 చట్టం ప్రవేశాలను నియమబద్ధం చేసింది. 1986 నుంచి ఇంజనీరింగ్, వ్యవసాయ, వైద్య కోర్సులకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష మొదలైంది. 1945 నాటి బాపట్ల వ్యవసాయ కళాశాలకైనా, 1981 నాటి బాపట్ల ఇంజనీరింగ్ కళాశాలకైనా దారి ర్యాంకు మీదుగానే. బోర్డు పరీక్ష అర్హతను మాత్రమే ఇచ్చింది, సీటును ర్యాంకు ఇచ్చింది.

5. విదేశీ పరీక్షలు: కేంబ్రిడ్జి నుంచి ఐబీ దాకా

వలసపాలనలో యూరోపియన్, ఆంగ్లో-ఇండియన్ పాఠశాలల విద్యార్థులు సీనియర్ కేంబ్రిడ్జి రాసేవారు. ఆ పరీక్షకు బదులుగా దేశీయ వ్యవస్థను నిర్మించేందుకు 1958లో ఏర్పడిన కౌన్సిలే నేడు ఐ.సి.ఎస్.ఇ., ఐ.ఎస్.సి. పరీక్షలు నిర్వహిస్తున్నది. విదేశీ ధ్రువపత్రం క్రమంగా దేశీయ బోర్డుగా రూపాంతరం చెందిన ఉదాహరణ ఇది.

ఐబీ చరిత్ర వేరు. 1968లో జెనీవాలో ఏర్పడిన ఈ సంస్థ, ఉద్యోగరీత్యా దేశాలు మారే కుటుంబాల పిల్లలకు ఎక్కడి విశ్వవిద్యాలయంలోనైనా చెల్లే ధ్రువపత్రాన్ని ఇవ్వాలనుకుంది. భారతదేశంలో దీనిని మొదట చేపట్టినది కొడైకెనాల్ పాఠశాల, 1976లో. 1901లో అమెరికన్ మిషనరీల పిల్లల కోసం మొదలైన సంస్థ అది. దేశంలోని విశ్వవిద్యాలయాల సమాఖ్య 1983లో ఐబీ డిప్లొమాను పన్నెండో తరగతితో సమానంగా గుర్తించింది. 1925 నాటి ఇంటర్ యూనివర్సిటీ బోర్డుకు ఈ సమాఖ్య వారసురాలు. కాబట్టి గుర్తింపు సమస్య నాలుగు దశాబ్దాల క్రితమే తీరింది.

6. గుర్తింపు తరువాతి గడపలు

తీరనివి తరువాతి గడపలు. మొదటిది పాఠ్యాంశాల ఎంపిక. డిప్లొమాలో విద్యార్థి ఆరు పాఠ్యాంశాలు చదవాలి, వాటిలో మూడు సాధారణంగా ఉన్నతస్థాయిలో. ఇంజనీరింగ్‌కు గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు మూడూ అవసరం. కళల పాఠ్యాంశానికి బదులు రెండో విజ్ఞానశాస్త్రాన్ని ఎంచుకుంటేనే ఇది సాధ్యం. పదకొండో తరగతి మొదట్లో చేసిన ఎంపిక ఆ తలుపును శాశ్వతంగా మూసివేయగలదు.

రెండోది కొలమానం. ఐబీ ప్రతి పాఠ్యాంశానికి 1 నుంచి 7 వరకు గ్రేడు ఇస్తుంది. మొత్తం 45 పాయింట్లలో 42 పాఠ్యాంశాలకు, మిగిలిన 3 విస్తృత వ్యాసం, జ్ఞానసిద్ధాంతం అనే అంశాలకు. ఎంసెట్ ఇంజనీరింగ్ విభాగం 160 మార్కులది. ఇంటర్మీడియట్ మార్కులకు 25 శాతం ప్రాధాన్యం ఉన్న సంవత్సరాల్లో ఒక్క మార్కు తేడా కూడా ర్యాంకును గణనీయంగా మార్చగలిగేది. ఏడు మెట్ల గ్రేడును మార్కుల వ్యవస్థలోకి మార్చినప్పుడు, ఒకే మెట్టుపై నిలిచిన ఇద్దరి మధ్య భేదం కనిపించదు. ఐబీ విద్యార్థిని వర్గీకరిస్తుంది, ఎంసెట్ వరుసలో నిలబెడుతుంది. ఈ రెండు పనులు వేర్వేరు.

మూడోది పంచాంగం. మే పరీక్షల ఐబీ ఫలితాలు జూలై మొదటి వారంలో వస్తాయి. బ్రిటన్‌లో ప్రవేశ హామీ అప్పటికే విద్యార్థి చేతిలో ఉంటుంది. ఇక్కడ అంచనా గ్రేడుకు ర్యాంకు లేదు. కౌన్సెలింగ్ నాటికి ఫలితం, ధ్రువపత్రం, సమానార్హత నిర్ధారణ అన్నీ ఉండాలి. నాలుగోది పైన చెప్పుకున్న స్థానికత. ఇందులో ప్రభుత్వ పాఠశాల ఐబీ విద్యార్థికి చిక్కు ఉండేది కాదు, ఎందుకంటే అతడు చదివేది సొంత ఊళ్లోనే. మిగిలిన మూడు గడపలు మాత్రం అతని ఎదుట అలాగే ఉండేవి. పట్టణాల్లో లక్షలు ఖర్చుచేసి ఇదే డిప్లొమా చదివే విద్యార్థికి విదేశీ విశ్వవిద్యాలయం ఒక ప్రత్యామ్నాయం. పెనుమూడి విద్యార్థికి గుంటూరో, బాపట్లో, విశాఖపట్నమో దాదాపు ఏకైక మార్గం.

7. 2020, 2021: రెండు వ్యవస్థలకూ పరీక్ష

కోవిడ్ కాలం ఈ రెండు వ్యవస్థల స్వభావాన్ని బయటపెట్టింది. 2020 మే పరీక్షలు రద్దుచేసిన ఐబీ, విద్యార్థుల పనిని, అంచనా గ్రేడ్లను, పాఠశాలల పూర్వ ఫలితాలను కలిపి గ్రేడ్లు లెక్కించింది. ప్రవేశ హామీలు కోల్పోయామంటూ అనేక దేశాల విద్యార్థులు నిరసించగా ఆగస్టులో ఆ గ్రేడ్లను సవరించింది. 2021లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ పరీక్షలు రద్దుచేసి, పదో తరగతి, మొదటి సంవత్సరం మార్కుల ఆధారంగా ఫలితాలిచ్చింది. ఆ ఏడాది ఈఏపీసెట్‌లో ఇంటర్మీడియట్ మార్కులకు ప్రాధాన్యం తొలగించి, ప్రవేశ పరీక్షనే పూర్తి ఆధారంగా తీసుకుంది. అక్కడ లెక్కింపు సవరించారు, ఇక్కడ లెక్కింపును పక్కనపెట్టారు. 1911లో తలెత్తిన సందేహం నూట పదేళ్ల తరువాత కూడా తీరలేదనడానికి ఇది సాక్ష్యం.

8. ముగింపు

మెట్రిక్యులేషన్ నుంచి ఎంసెట్ వరకు తెలుగు ప్రాంతపు ప్రవేశ వ్యవస్థ ఒక దిశలోనే నడిచింది. పాఠశాల సాక్ష్యం తగ్గింది, ఉమ్మడి పరీక్ష బరువు పెరిగింది. ఇది కేవలం అధికారుల మొండితనం కాదు. పలుకుబడి లేని విద్యార్థికి ముఖపరిచయం అక్కరలేని పరీక్ష ఒక రక్షణ. పాఠశాల మాటపై నడిచే వ్యవస్థలో పేరున్న పాఠశాల మాటకే ఎక్కువ విలువ దక్కే ప్రమాదం ఉంది. అయితే ఆ రక్షణకు చెల్లించిన మూల్యం కూడా తక్కువేమీ కాదు. రెండేళ్ల చదువు మూడు గంటల పరీక్షకు లోబడడం, కోచింగ్ ఖర్చు భరించగలవారికే పైమెట్టు దొరకడం ఆ మూల్యంలో భాగం.

అందువల్ల అంతర్జాతీయ డిప్లొమాను ప్రభుత్వ పాఠశాలల్లోకి తేవాలన్న ఆలోచన భవిష్యత్తులో మళ్లీ వస్తే, పాఠ్యప్రణాళికతో పాటే ప్రవేశ నియమాలపైనా నిర్ణయం జరగాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఆ గ్రేడ్లను ఎలా లెక్కిస్తాయో, కౌన్సెలింగ్ తేదీలు ఎలా కుదురుతాయో, విజ్ఞానశాస్త్రాల ఎంపికపై విద్యార్థికి ఎవరు మార్గం చూపుతారో ఒకటో తరగతి మొదలయ్యే ముందే తేలాలి. ఒకటో తరగతిలో చేరిన బిడ్డ కళాశాల గడప చేరడానికి పన్నెండేళ్లు పడుతుంది, ఆ మధ్యలో ప్రభుత్వాలు మారవచ్చు. నియమం చట్టరూపంలో ఉంటే తప్ప ఆ బిడ్డ చేతిలోని ధ్రువపత్రానికి గుర్తింపు ఉంటుంది గానీ, దానివల్ల ప్రవేశం లభిస్తుందన్న భరోసా ఉండదు.