బరువు జారితే ఇంజనుకు గండం

కరెంటు మోటార్లు రాకముందు మానేరు, గోదావరి ఒడ్డు పొలాలకు నీళ్లు తోడింది ఆయిల్ ఇంజన్లు. కాటారం, మహాదేవపూర్ వైపు వాటితో వేగిన పాతతరం రైతులకు ఒక సంగతి చెవితోనే తెలిసిపోయేది. బరువు మీద ఉన్నంతసేపు ఇంజను చప్పుడు ఒకే తీరుగా సాగుతుంది. వాగులో మట్టం తగ్గి ఫుట్‌వాల్వు తేలి, పంపు నీళ్లు వదిలేసిందంటే ఒక్కసారిగా గొంతు పెంచుతుంది. బెల్టు ఊడినా అంతే. ఆ వెంటనే గవర్నరు డీజిల్ తగ్గించి దాన్ని మళ్లీ దారికి తెస్తుంది. గవర్నరు పట్టేసి ఉంటే మాత్రం మనిషి పరుగెత్తాల్సిందే. డీజిల్ ఆపినా తన ఆయిల్ తానే తాగుతూ రేసయ్యే ఇంజన్లుంటాయి. వాటికి గాలి లోపలికి పోయే దారిలో గోనెసంచి కుక్కడమొక్కటే మందు.

ఇంజను బరువు లాగలేక పాడవుతుందని మనకో నమ్మకం. బరువు ఎక్కువైతే అది మూలుగుతుంది, పొగ కక్కుతుంది, చివరికి ఆగిపోతుంది. ముక్కలయ్యే గండం మాత్రం బరువు హఠాత్తుగా జారినప్పుడే ముంచుకొస్తుంది. ఈ పాఠానికి అందరికంటే ఎక్కువ ఫీజు కట్టింది అమెరికా డ్రాగ్ రేసర్లు.

డ్రాగ్ రేసులో మలుపులుండవు. రెండు బండ్లు పక్కపక్కన నిలబడి, దీపం వెలగగానే పావు మైలు, అంటే 402 మీటర్లు, ముక్కుసూటిగా దూకుతాయి. కాలిఫోర్నియాలోని ఎండిన సరస్సుల్లో, రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఖాళీ పడిన రన్‌వేల మీద కుర్రాళ్లు మొదలుపెట్టిన ఆట ఇది. 1950లో శాంటా అనా విమానాశ్రయంలో టికెట్టు పెట్టి పోటీలు నడిపారు. మరుసటి ఏడాది వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించి ఆటకు కట్టుబాట్లు రాయించాడు. మన పక్కన కూడా కథ ఇలాగే మొదలైంది. నెల్లూరు నుంచి మద్రాసు పోయే దారిలో, నగరం ఇంకా రాకముందే తగిలే షోళవరంలో యుద్ధకాలపు రన్‌వే ఒకటి మిగిలింది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు దాని మీదే కార్లను, మోటారుసైకిళ్లను పరుగెత్తించింది. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చింది. ఇప్పుడు మోటారుసైకిళ్ల జాతీయ డ్రాగ్ పోటీలకు అదే పెద్ద వేదిక. బెంగళూరు కుర్రాడు హేమంత్ ముద్దప్ప హయబూసా బైకు మీద మళ్లీ మళ్లీ టైటిళ్లు కొట్టింది ఈ రకం పోటీల్లోనే.

పావు మైలులో ఇంజనుకు వచ్చే ఆపద ఎక్కడిది? మొదట బర్నవుట్‌లో ఉంది. టైర్లు వేడెక్కించడానికి చక్రాలను ఉన్నచోటే తిప్పుతారు. తర్వాత పరుగు మధ్యలో పట్టు తప్పి టైరు జారితే, గేరు పడక న్యూట్రల్‌లో చిక్కితే, యాక్సిల్ తెగితే, నిండా తెరిచిన థ్రాటిల్ కింద ఇంజనుకు పని లేకుండా పోతుంది. కన్ను మూసి తెరిచేలోగా చుట్ల మీటరు ముల్లు ఎర్రగీత దాటేస్తుంది. డ్రైవరు కాలు తీయాలనుకునేసరికి జరగాల్సింది జరిగిపోతుంది.

ఏం జరుగుతుందో లెక్క వేసి చూడండి. నిమిషానికి 8,000 చుట్లు తిరిగే ఇంజనులో ప్రతి పిస్టనూ సెకనుకు 266 సార్లు ఆగి, వెనక్కి తిరగాలి. పాత షెవ్రొలే 350 ఇంజనులో పిస్టను నడక 88 మిల్లీమీటర్లు. అర కిలో బరువున్న పిస్టను ఆ వేగంలో పైకొసన తిరిగే క్షణాన కనెక్టింగ్ రాడ్డును సుమారు రెండు టన్నుల బలంతో గుంజుతుంది. పవర్ స్ట్రోకులో మంట ఒత్తిడి పిస్టనును కిందికి నొక్కుతుంది కాబట్టి ఆ గుంజుడుకు కొంత అడ్డం ఉంటుంది. పొగ బయటికి నెట్టే స్ట్రోకు చివర ఆ అడ్డమూ ఉండదు, భారమంతా రాడ్డు బోల్టుల మీదే. పైగా ఈ గుంజుడు చుట్ల వర్గంతో పెరుగుతుంది. వేగం 30 శాతం పెరిగితే బలం 69 శాతం పెరుగుతుంది. బోల్టు తెగిందంటే రాడ్డు బ్లాకును పొడుచుకుని బయటికి వస్తుంది. అంతకంటే ముందే వాల్వు స్ప్రింగు చేతులెత్తేయవచ్చు. వాల్వు సమయానికి మూసుకోదు, పైకి వస్తున్న పిస్టను దాన్ని గుద్దుతుంది. మన షెడ్లలో హెడ్డు విప్పి వంగిన వాల్వులు చూపించే మెకానిక్కులకు ఇది కొత్త దృశ్యం కాదు.

దీనికి మందు, అంటే చుట్లకు హద్దు పెట్టే రెవ్ లిమిటరు, కనిపెట్టడం పెద్ద కష్టం కాలేదు, ఎందుకంటే సూత్రం పాతదే. గాలిమరల్లో వాడుతున్న తిరిగే గుండ్ల ఏర్పాటును 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి తగిలించాడు. వేగం పెరిగితే గుండ్లు దూరం జరుగుతాయి, ఆవిరి తగ్గుతుంది. ఎనభై ఏళ్ల తర్వాత, 1868లో, భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ అంతటివాడు గవర్నర్ల మీద పరిశోధన పత్రం రాశాడు. పెట్రోలు కార్ల దగ్గరికి వచ్చేసరికి ఆ గుండు డిస్ట్రిబ్యూటర్ రోటారులోకి దూరింది. పాత పోర్షే, బీఎండబ్ల్యూ కార్లలో రోటారు మీద స్ప్రింగు పట్టిన చిన్న బరువు ఉండేది. చుట్లు హద్దు దాటితే అది బయటికి జరిగి, ప్లగ్గుకు పోవాల్సిన కరెంటును దారి మళ్లించేది. స్పార్క్ లేదు, మంట లేదు, వేగం దిగింది. చౌకైన ఉపాయమే గానీ స్ప్రింగు ముసలిదైతే హద్దు కూడా మారిపోయేది.

తర్వాత ఎలక్ట్రానిక్ పెట్టె వచ్చింది. ఎంఎస్‌డీ కంపెనీ ఇగ్నిషన్ పెట్టెల్లో ఒక చిన్న బిళ్ల గుచ్చితే 6,000 హద్దు, మరోటి గుచ్చితే 8,000. ఇందులో తెలివి ఇంకో చోట ఉంది. స్పార్క్ అన్ని సిలిండర్లకూ ఒకేసారి ఆపితే బండి గుర్రంలా ఎగిరిపడుతుంది, కాలని పెట్రోలు సైలెన్సరులో పేలుతుంది. అందుకని ఒకసారి ఈ సిలిండరును, ఇంకోసారి ఆ సిలిండరును వంతులవారీగా ఎండగడతారు. ఈ పెట్టెనే రేసర్లు ఆయుధంగా మార్చుకున్నారు. హద్దులు రెండు పెట్టి, నిలబడ్డప్పుడు తక్కువ హద్దు మీద యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఉంచుతారు. దీపం వెలిగి బండిని వదలగానే ఆ హద్దు తొలగిపోతుంది. దాన్నే టూ-స్టెప్ అంటారు.

కాపలాదారుగా వచ్చిన లిమిటరు చివరికి తీర్పరి అయింది. 2016లో అమెరికా డ్రాగ్ రేసుల ప్రో స్టాక్ తరగతికి ఫ్యూయల్ ఇంజక్షన్‌తో పాటు 10,500 చుట్ల హద్దును నిబంధనగా పెట్టారు. అంతకు మించి తిప్పడానికి జట్లు పోటీపడి పోసే డబ్బుకు కళ్లెం వేయడం అందులో ఒక ఉద్దేశం. ఇంజను ప్రాణంతో పాటు యజమాని జేబు కూడా కాపాడిందన్నమాట. నాకైతే ఈ రెండో ఉపకారమే పెద్దదనిపిస్తుంది.

లిమిటరు చేయలేని పని ఒకటుంది. నాలుగో గేరులో పోతూ ఐదుకు బదులు పొరపాటున రెండో గేరులోకి లాగితే ఇంజనును తిప్పేది పెట్రోలు కాదు, చక్రాలు. స్పార్క్ ఎంత కోసినా చుట్లు తగ్గవు. లిమిటరుంది కదా అని దాన్నే ఆనుకుని నడిపేవాళ్లకు ఇది గుర్తుండదు. సైలెన్సరు టపటపలాడేలా ఆగి ఉన్న బైకును లిమిటరుకు కొట్టించే మన కుర్రాళ్లు ఇంజనుకు బరువు లేని స్థితిని కోరి తెచ్చిపెడుతున్నారు. ఇక కాటారం మీదుగా పోయే ఇసుక లారీల వంటి రవాణా వాహనాలకు నిబంధన ప్రకారం ఉండాల్సిన గంటకు 80 కిలోమీటర్ల స్పీడ్ గవర్నరు వేరే సంగతి. అది కాపాడేది ఇంజనును కాదు, రోడ్డు మీది మనుషులను.

నిజమైన రెవ్ లిమిటరును కాటారం ఉన్న భూపాలపల్లి జిల్లాలోనే చూడాలంటే భూపాలపల్లి దాటి చెల్పూరు పోవాలి. కాకతీయ థర్మల్ కేంద్రంలో 2010లో 500 మెగావాట్ల యూనిట్, 2016లో 600 మెగావాట్ల యూనిట్ వచ్చాయి. గ్రిడ్డు 50 హెర్ట్‌జ్‌కు జత కలిసి అలాంటి టర్బైన్లు నిమిషానికి కచ్చితంగా 3,000 చుట్లు తిరుగుతాయి. గ్రిడ్డే వాటికి బరువు. బ్రేకరు పడిపోయిందంటే ఆ బరువు లేదు, ఆవిరి మాత్రం తోస్తూనే ఉంది. నీళ్లు వదిలేసిన పంపు దగ్గర ఆయిల్ ఇంజనుకు వచ్చిన కష్టమే, కాకపోతే వందల టన్నుల యంత్రానికి వస్తుంది. గవర్నరు ముందు ఆవిరిని కుదించాలి. అది తప్పితే, మామూలుగా పదోవంతు పైన, 3,300 చుట్ల దరిదాపుల్లో ఓవర్‌స్పీడ్ ట్రిప్ స్టాప్ వాల్వులను మూసేయాలి. చాలా టర్బైన్లలో ఆ పని చేసేది రోటారులో దాగిన ఒక బోల్టు. స్ప్రింగును గెలిచి బయటికి పొడుచుకొచ్చి లివరును తన్నుతుంది. వాట్ గుండ్ల వంశమే.

ఇలాంటి రక్షణ పనిచేస్తుందో లేదో అప్పుడప్పుడు యంత్రాన్ని కావాలనే హద్దు దాకా తిప్పి చూస్తారు. 2011 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలోని డువా విద్యుత్ కేంద్రంలో 600 మెగావాట్ల నాలుగో యూనిట్‌కు సరిగ్గా ఆ పరీక్షే చేస్తుండగా వేగం చేయి దాటింది. టర్బైను, జనరేటరు తునాతునకలయ్యాయి. అప్పుడు దాని మీద గ్రిడ్డు బరువు లేదు.