చేర్యాల నకాషీ చిత్రకారులు

నిజాం పాలనా కాలంలో తెలంగాణ పల్లెల్లో కులపురాణాలను గుడ్డ మీద బొమ్మలుగా గీసిన వంశపారంపర్య చిత్రకారులు. వీరి ప్రధాన కేంద్రం చేర్యాల ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉండేది. 2016 నుంచి సిద్దిపేట జిల్లాలో ఉంది.

ఈ గుడ్డ చిత్రాన్ని పటం అంటారు. దాన్ని గీయించుకునేవారు కథకులు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడిగెలవారు వారిలో ముఖ్యులు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూస్తారు. ఆరాక ఎర్రటి నేపథ్యం మీద ఉడుత వెంట్రుకల కుంచెతో గీస్తారు. మూడడుగుల వెడల్పున్న పటం పదుల అడుగుల పొడవు సాగుతుంది. పైన వినాయకుడితో మొదలై, పూల అంచులతో విడదీసిన అరల్లో కథ కిందికి దిగుతుంది. కథకుడు పటం చుట్టను విప్పుతూ పాడేవాడు. దేవుళ్లకు కళ్లు దిద్దడం పూజతో జరిగే పని. చిరిగిపోయిన పటాన్ని పారవేయరు, నీళ్లలో కలుపుతారు.

పాత పటాలు ఎక్కువగా మిగలకపోవడానికి ఇదొక కారణం. గీసినవారి పేర్లు దొరకడం మరీ అరుదు. ఇంత గొప్ప రేఖాశక్తి అజ్ఞాతంగా ఉండిపోవడం తెలుగు కళాచరిత్రకు పెద్ద లోటు.

సినిమా, ఆ తర్వాత టీవీ వచ్చాక కథకులు తగ్గారు, గిరాకీ పడిపోయింది. హైదరాబాదు కళాసేకరణకర్త జగదీశ్ మిత్తల్ ప్రోత్సాహం ఈ కళను నిలబెట్టింది. ధనాలకోట వైకుంఠం నకాష్ కుటుంబం దాన్ని కొనసాగించింది. చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడు చిన్న ఫ్రేముల బొమ్మలు, రంపపు పొట్టుతో చేసే మాస్కులు అమ్ముడవుతున్నాయి.