హైదరాబాదు రాష్ట్రమునఁ బార్టీ నిషేధములు

హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును నిజాము ప్రభుత్వము 1938లో, అది విధ్యుక్తముగా నేర్పడకమునుపే నిషేధించెను. నిషేధము 1946లోఁ దొలఁగెను. ఆ నడిమి యెనిమిదేండ్లలో సంస్థ నశింపలేదు. అది రాజరికము, ప్రజల సమ్మతి నడుగు బాధ్యత దానికి లేదు.

ప్రజాస్వామ్యమున నీ ప్రశ్న మఱింత కఠినము. తెలంగాణమునఁ గమ్యూనిస్టులు ఆయుధములఁ బట్టిరి. 1951 అక్టోబరునఁ బోరాటమును విరమించిరి. 1952 ఎన్నికలనాఁడు పార్టీపై నిషేధముండుటచే వారు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంటు పేరఁ బోటీచేసిరి. నల్లగొండనుండి రావి నారాయణరెడ్డిగారు నెహ్రూగారికంటె నధికముగా ఓట్లు వడసిరి. పేరు నిషిద్ధమైనను ప్రజాభిమానము నిషిద్ధము కాలేదు.

ఆయుధబలముతో జనుల బాధించు దళము నుపేక్షింపవలెనని మేమనము. 1948లో రజాకారుల నణఁచుట యావశ్యకమే. కాని నేరమును నిర్ణయింపవలసినవా రెవరు? మద్రాసు ప్రభుత్వము తన యభిప్రాయమాత్రముచే నొక సంఘమును చట్టవిరుద్ధమని ప్రకటింపఁగా, వి. జి. రావుగారి వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1952 మార్చి 31న నందుకు వీలిచ్చిన నిబంధనను గొట్టివేసెను. నిషేధకారణములను న్యాయవిచారణచేఁ బరీక్షించు నవకాశము లేకుండుట దాని ప్రధానదోషమని తేల్చెను.

కావున దుష్కృత్యము న్యాయస్థానమున ఋజువై శిక్షింపఁబడవలయును. అభిప్రాయమునకుఁ దీర్పు ఓటుపెట్టెయందే చెప్పఁబడవలయును. ఈ రెంటిని గలిపివేయు చట్టము తాను గాపాడఁబూనిన ప్రజాస్వామ్యమునే దుర్బల మొనర్చును.

మెట్టుగూడ, సికిందరాబాదు