పురానాపూల్ నుంచి ఆబిడ్స్ దాకా ఒకే కమాను

పురానాపూల్ మీదుగా పోయేవాళ్లు ఆగి దాని కమానుల్ని చూడటం అరుదు. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కట్టించిన వంతెన అది. కమానులు పైన మొనదేలి ఉంటాయి. 1591 నాటి చార్మినార్‌వీ అంతే. మూసీకి ఉత్తరాన, ఆబిడ్స్‌లో, 1867లో ప్రతిష్ఠ జరిగిన సెయింట్ జార్జ్ చర్చిలోనూ అదే మొన. దాన్ని మాత్రం చూడగానే “ఇంగ్లిష్ వాళ్ల గోథిక్” అనేస్తాం.

పూర్తిగా తప్పేం కాదు. బ్రిటిష్ రెసిడెన్సీ కోఠీలో ఉండేది, ఆంగ్లికన్ చర్చీ నదికి ఆ వైపునే వెలిసింది. కానీ మొనకమాను ఇంగ్లండ్ సొత్తు కాదు. గోథిక్ పుట్టకముందే, తొమ్మిదో శతాబ్దంలో, కైరోలోని ఇబ్న్ తులూన్ మసీదులో ఉంది. గుండ్రటి కమాను బరువును పక్కలకి ఎక్కువగా నెడుతుంది, మొనకమాను కిందికి దింపుతుంది. మసీదుకైనా చర్చికైనా అక్కరకొచ్చింది అందుకే.

1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు వంటి శాఖలు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది. హైదరాబాద్ ఇండియాలో కలవడానికి అప్పటికింకా ఏడాది ఉంది. ఆబిడ్స్ చర్చి ఇవాళ ఆ సి.ఎస్.ఐ.లోదే. పరాయిదనుకునే ముందు దాని కమాను చూడండి. అలాంటిది మూసీ మీద అంతకు 289 ఏళ్ల ముందే లేచింది.