దసరా పప్పుబెల్లాలు: పడమటి డెల్టాలో వీధిబడి పిల్లల ఇంటింటి మర్యాద

గోదావరి పడమటి డెల్టాలో, నిడదవోలు మొదలుకొని నరసాపురం వరకు కాలువల వెంట విస్తరించిన ఊళ్ళలో, దేవీ నవరాత్రుల రోజుల్లో వీధిబడి పిల్లలు అయ్యవారితో కలిసి ఇంటింటికీ వెళ్ళి, పద్యాలు పాడి, గృహస్థును దీవించి, అయ్యవారికి రొక్కమూ తమకు పప్పుబెల్లాలూ పుచ్చుకునే ఆచారం ఇరవయ్యో శతాబ్దం నడుమ వరకు సాగింది. పప్పుబెల్లాలంటే వేయించిన శనగపప్పు, అంటే పుట్నాలపప్పు, బెల్లంతో కలిపి పిల్లల దోసిళ్ళలో పోసే పంపకం. ఈ ఆచారం ఒక్క డెల్టాకే పరిమితమైనది కాదు, తెలుగునాట చాలాచోట్ల ఉన్నదే. అయితే వరిపంట మీద బతికే ఈ ప్రాంతంలో దానికి ఆర్థికమైన ఆధారం స్పష్టంగా కనిపిస్తుంది కనుక, పిల్లలు పరాయి గుమ్మం ముందు ఎలా నిలబడాలో, ఏమని అడగాలో, ఇచ్చినదాన్ని ఎలా పుచ్చుకోవాలో ఒక సమాజం ఎలా నేర్పిందన్న చరిత్రకు ఇది తగిన ఉదాహరణ.

నిడదవోలు పాత ఊరు. తూర్పు చాళుక్యుల కాలంలో దాన్ని నిరవద్యపురమని పిలిచేవారు. కాకతి రుద్రమదేవిని వివాహమాడిన వీరభద్రుడు ఇక్కడి చాళుక్య వంశీయుడే. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడిన తరువాత దాదాపు వంద సంవత్సరాలు ఆ జిల్లాలో ఉండి, 2022లో జరిగిన పునర్విభజనలో తూర్పు గోదావరిలో చేరింది. ఈ చరిత్రకు అంతకన్నా ముఖ్యమైన విషయం నీటిది. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణంతో, నిడదవోలుకు చేరువలోని విజ్జేశ్వరం దగ్గర మొదలయ్యే కాలువలు పడమటి డెల్టాకు నిలకడైన సార్వా పంటను ఇచ్చాయి. వానాకాలపు వరిపంటను ఇక్కడ సార్వా అంటారు. అది కోతకు వచ్చేది కార్తీక మార్గశిరాల్లో. దసరా వచ్చే ఆశ్వయుజంలో పైరు ఇంకా చేలోనే ఉంటుంది, గాదెలో నిరుటి గింజలు అడుగంటుతూ ఉంటాయి. హరిదాసులకూ గంగిరెద్దులవారికీ ధాన్యం ఇచ్చే సంక్రాంతి కోతల తరువాత వస్తుంది కాబట్టి అప్పుడు చాటతో వడ్లు పొయ్యడం గృహస్థుకు తేలిక. దసరా నాటికి అయ్యవారికి ఇవ్వగలిగింది రొక్కమో, పంచెల చాపో. పిల్లల పాటలో ధాన్యం మాట కాక నాణేల పేర్లే వినిపించడానికి ఇదే కారణమై ఉండాలి.

ఈ పిల్లలు చదివిన బడి ఎలాంటిదో తెలిస్తే గాని వారి నడవడి అర్థం కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించగా, 1823లో రాజమహేంద్రవరం జిల్లా నుంచి 291 బడులు, 2,658 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్క వెళ్ళింది. సగటున బడికి తొమ్మిది మంది. అంటే దసరాకు వీధిలో కదిలిన పిల్లల గుంపు చిన్నదే, అందులో ప్రతి పిల్లవాడూ గృహస్థుకు ఫలానావారి అబ్బాయి అని తెలిసినవాడే. మన్రో 1826లో రాసిన నివేదికలో ఈ బడుల ఉపాధ్యాయులకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రాబడి ఉండడం అరుదని తేల్చాడు. అదీ స్థిరమైన జీతం కాదు. తల్లిదండ్రులు ఇచ్చే నెలసరి, అక్షరాభ్యాసం నాటి సంభావన, పండుగలకు ముట్టే కానుక కలిసి అయ్యవారి బతుకు. దసరా సంభావన ఆ రాబడిలో భాగమే. ఊరు అయ్యవారికి బాకీ ఉన్న మొత్తంలో కొంత, పండుగ పేరు మీద, పిల్లల నోటితో వసూలయ్యేది.

ఇలాంటి బడుల క్రమశిక్షణను బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో దగ్గరగా వర్ణించాడు. అందరికన్నా ముందు బడికి వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు, అతనికి మెప్పూ లేదు, తప్పూ లేదని దాని అర్థం. మూడోవాడికి మెల్లగా ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చేవారికి ఒక్కొక్కటి ఎక్కువ. ఇలా వరుసను ఒంటికి పట్టించిన బడి గనుకనే దసరా ఊరేగింపులో పిల్లలు గుమ్మం ముందు గుంపుగా ఎగబడకుండా, గొంతు బాగున్నవాడు చరణం ఎత్తుకుంటే మిగిలినవారు ఒక్క స్వరంతో అందుకునేలా నిలబడగలిగారు. ఆ పద్యాలను ముందునుంచే వల్లె వేయించేవారు, వాటిని అప్పగించడం కూడా చదువులో భాగమే.

పిల్లల చేతుల్లో విల్లంబులు ఉండేవి. వెదురు బద్దను వంచి, రంగు కాగితాలు అంటించి, తాడు బిగించిన ఆ బొమ్మ విల్లుకు బాణం కొసన చిన్న గుల్ల ఉంటుంది. అందులో పూలరేకులో, పరిమళం కలిపిన బుక్కా పొడియో నింపి, పాట ముగిశాక తాడు వదిలితే అవి ఇంటి యజమాని మీద చిలకరించినట్లు పడతాయి. విజయదశమి రాముడి విజయానికీ, పాండవులు జమ్మిచెట్టు మీద నుంచి ఆయుధాలు దించుకున్న కథకూ ముడిపడిన రోజు కాబట్టి విల్లు ఆ పండుగకు తగిన వస్తువే. కానీ ఆయుధం రూపంలో ఉన్న వస్తువుతో పువ్వులు కొట్టించడంలో లోకజ్ఞానం ఉంది. పిల్లవాడు మొదట తాను ఇవ్వవలసింది ఇస్తాడు. పాటా, పువ్వులూ, దీవెనా ఇచ్చాకే చెయ్యి చాస్తాడు.

ఆ పాట వరస కూడా గమనించదగింది. గృహస్థు దయ తమ మీద ఇంకా ప్రసరించలేదని పిల్లలు ముందు చనువుగా నిష్ఠూరమాడతారు. రేపు రమ్మనీ తరువాత చూద్దామనీ తిప్పవద్దంటారు. అయ్యవారికి ఎంత కావాలో, తమకు ఏమి చాలునో చెబుతారు. చివర విజయం కలగాలని దీవిస్తారు. అడుగుతున్నది తమ కోసం కాదు గనుక అడగడంలో సిగ్గు లేదు, తమ వంతుకు పప్పుబెల్లాలే చాలంటారు గనుక ఆశ లేదు. గురువు మాటను శిష్యుడు పలకడం, శిష్యుడు తన వాటాను తగ్గించుకోవడం అన్న ఈ రెండు కట్టుబాట్లే యాచనలా కనిపించే పనికి గౌరవం తెచ్చాయి. ఇంటివారికీ మర్యాద ఉంది. పిల్లలను నిలబెట్టి వినాలి, మధ్యలో కసరకూడదు, ఉత్తచేతులతో పంపకూడదు.

పాటలోని నాణేలు దాని వయసును కొంత పట్టిస్తాయి. అయ్యవారి సంభావనను వరహాల్లో చెప్పే చరణం పాతది. వరహా దక్షిణాదిన చెలామణి అయిన బంగారు నాణెం, దాని మారకం సుమారు మూడున్నర రూపాయలు. 1818లో మద్రాసు ప్రభుత్వం వెండి రూపాయిని ప్రమాణంగా చేశాక అది లెక్కల్లోంచి తప్పుకుంది. తక్కువ ఇస్తే పుచ్చుకోమని బెట్టు చేసే చరణంలో మాత్రం పావలా, అర్ధరూపాయి కనిపిస్తాయి. అవి రూపాయి కాలం మాటలు. ఒకే పాటలో రెండు కాలాల నాణేలు కలిసి ఉండడాన్ని బట్టి, తరం తరువాత తరం అయ్యవార్లు తమ అవసరానికి తగినట్లు చరణాలు చేర్చుకుంటూ వచ్చారని ఊహించవచ్చు.

ఈ మర్యాదకు హద్దులూ ఉండేవి, వాటిని దాచడం చరిత్రకు న్యాయం కాదు. వీధిబడుల్లో దళిత పిల్లలకు చాలాచోట్ల చోటు ఉండేది కాదు, ఆడపిల్లలు బహు తక్కువ. కాబట్టి దసరా పాట ఏ ఇళ్ళ ముందు వినిపించిందో, ఎవరి పిల్లలు పాడారో కులమే చాలావరకు నిర్ణయించింది.

అడిగి పుచ్చుకునే ఈ పద్ధతి పక్కనే అడగకుండా తీసుకునే అల్లరికీ తెలుగు సంవత్సరంలో చోటు ఉండేది. భోగిమంటకు పిడకలూ కర్రలూ ఇవ్వమని పిల్లలు ఇంటింటా అడిగేవారు, ఇవ్వనివారి కర్రలు తెల్లవారేసరికి మంటలో ఉండేవి. వినాయక చవితి రాత్రి చంద్రుణ్ణి చూసినవారు నీలాపనిందలు తప్పించుకోవడానికి పొరుగింటి మీద రాళ్ళు వేసి తిట్లు తినేవారు. అమెరికాలో అక్టోబరు 31న హాలోవీన్ రాత్రి వేషాలు కట్టిన పిల్లలు మిఠాయి ఇస్తారా, ఆట పట్టించమంటారా అని తలుపు తట్టే ఆచారంలో ఈ రెండు పోకడలూ ఒక్క మాటలో కలిసిపోయాయి. దాని మూలాల్లోనూ ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. మధ్యయుగపు ఇంగ్లండులో పేదలు, పిల్లలు చనిపోయినవారి ఆత్మల కోసం ప్రార్థన చేస్తామని చెప్పి రొట్టెలు పుచ్చుకునేవారు. స్కాట్లండులో వేషం కట్టిన పిల్లవాడు పాటో పద్యమో వినిపించాకే పండో పప్పో పుచ్చుకోవడం ఆనవాయితీ. ఉత్తర అమెరికాలో 1920ల తరువాత స్థిరపడిన రూపంలో పాట జారిపోయి, అడిగే మాట ఒక్కటే మిగిలింది. అందువల్ల ఒక్కటే తీసుకోవాలి, కృతజ్ఞత చెప్పాలి, వాకిట దీపం ఆర్పిన ఇంటి తలుపు తట్టకూడదు అన్న నియమాలను అక్కడి తల్లిదండ్రులు, వారిలో తెలుగువారు కూడా, ఇంట్లో విడిగా నేర్పవలసి వస్తున్నది. వీధిబడిలో ఆ పని పాటే చేసేది.

డెల్టాలో ఈ ఆచారం తగ్గడానికి కారణం జీతం. 1850లలో నరసాపురం సబ్‌కలెక్టరు టైలర్ ప్రోత్సాహంతో ఆ చుట్టుపక్కల గ్రామస్థులు భూమిశిస్తు మీద అదనపు చందా వేసుకుని బడులు నడపడం మొదలుపెట్టారు. ఆ ఏర్పాటుకు చట్టబద్ధత ఇవ్వడానికే మద్రాసు ప్రభుత్వం 1863లో విద్యా చట్టం చేసింది. తరువాత స్థానిక బోర్డులు, ఆపైన 1920 నాటి ప్రాథమిక విద్యా చట్టం వచ్చి, అయ్యవారి బతుకు ఊరి చేతి నుంచి ఖజానా చేతికి మారింది. నెల జీతం వచ్చే మాస్టారు పిల్లలను వెంటబెట్టుకుని గుమ్మం గుమ్మం తిరగడం క్రమంగా గౌరవానికి తక్కువగా తోచింది. ఉపాధ్యాయుడికి నిలకడైన జీతం దక్కడం నిస్సందేహంగా మేలే. కానీ రొక్కం అవసరం తీరినప్పుడు, రొక్కంతో పనిలేని పాటనూ విల్లంబునూ కూడా వదిలేయడం మాత్రం అనవసరమైన నష్టం.

పద్యాల పాఠం అచ్చులో మిగిలింది, దాని బాణీ మాత్రం ఊరికొక తీరుగా పెద్దల గొంతుల్లోనే ఉంది. నిడదవోలు, తణుకు, పెనుగొండ ప్రాంతాల్లో ఆ పాట పాడిన తరం చివరివారు ఇప్పుడు ఎనభయ్యో పడి దాటినవారు. వారి చేత పాడించి, విల్లంబు ఎలా కట్టేవారో, ఏ వీధులు తిరిగేవారో అడిగి నమోదు చేసే పనిని ఆ ఊళ్ళ గ్రంథాలయాలూ పాఠశాలలూ ఈ దసరాకే చేపట్టాలి.