గడపకెంత దూరం?

ముసలితనంలో ప్రభుత్వం అందించే ఆసరాను కొలవాలంటే ఎన్ని రూపాయలు ఇచ్చారని అడగడం మనకు అలవాటు. ఎంత దూరంలో ఇచ్చారని కూడా అడగాలి. మోకాళ్ళు అరిగిపోయిన మనిషికి రెండు మైళ్ళ అవతలి ఆసుపత్రి ఉన్నా లేనట్టే. తెలుగునాట వృద్ధుల సంక్షేమం నడిచిన దారిని ఈ దూరంతో కొలుచుకుంటూ వస్తే, ఏ మలుపు దగ్గర నిజంగా మేలు జరిగిందో కనిపిస్తుంది.

వార్ధక్యంలో ప్రజలకు సాయపడేందుకు తన స్తోమత మేరకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 41వ అధికరణలో ప్రభుత్వానికి చెప్పింది. అయితే ఆదేశిక సూత్రం గనక దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్ళే వీలు లేదు. రాష్ట్రాలే ముందు కదిలాయి. 1957లో ఉత్తరప్రదేశ్ వృద్ధాప్య పింఛను మొదలుపెట్టింది. 1960ల తొలినాళ్ళలో ఆంధ్రప్రదేశ్ ఆ బాట పట్టింది. ఏ దిక్కూ లేనివారికే అది దక్కేది. 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం భూమిలేని వ్యవసాయ కూలీలకు 30 రూపాయల పింఛను ఇచ్చింది. ఒళ్ళు వంచి బతికిన కూలీకి కూడా విశ్రాంతి కాలం ఒకటి ఉంటుందని ఒప్పుకోవడమే అందులోని విలువ.

1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ వృద్ధాప్య పింఛను పథకం తెచ్చింది. 65 ఏళ్ళు దాటిన నిరుపేదకు నెలకు 75 రూపాయలు. లబ్ధిదారుల సంఖ్యకు పరిమితి ఉండటంతో, ఊళ్ళో ఒకరు కన్నుమూస్తే గాని మరొకరి పేరు ఎక్కని రోజులవి. పుట్టిన తేదీ ఎరగని తరాన్ని వయసుకు కాగితం తెమ్మన్నారు. పింఛను ఉంది, దాని దాకా వెళ్ళే దారే లేదు.

ఆ దారి 2006 తర్వాత వెడల్పయింది. రాష్ట్రంలో పింఛను 200 రూపాయలైంది. బయోమెట్రిక్ స్మార్ట్ కార్డులు వచ్చాయి. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం ఎనిమిది జిల్లాల్లో జరిపిన అధ్యయనంలో ఈ కార్డులతో చెల్లింపుల్లో అవినీతి తగ్గిందని తేలింది. కానీ జీవితమంతా కలుపు తీసి, రాళ్ళు మోసి అరిగిన వేళ్ళ ముద్రలు యంత్రం మీద పడేవి కావు. ‘వేలిముద్ర పడటం లేదవ్వా’ అన్న మాట విని వెనుదిరిగిన వాళ్ళెందరో.

2014లో రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ పింఛనును 1000 రూపాయలకు పెంచాయి. తెలంగాణ ‘ఆసరా’ పింఛను 2019లో 2016 రూపాయలకు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో మెట్లు మెట్లుగా పెరిగి 2024 జూలై నాటికి 4000 అయింది. కేంద్రం వాటా మాత్రం 80 ఏళ్ళ లోపు వారికి 200, ఆపైన 500 దగ్గరే ఆగిపోయింది.

రూపాయల పెంపు కన్నా పెద్ద మలుపు 2020 ఫిబ్రవరి 1న వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ రోజు నుంచి గ్రామ, వార్డు వలంటీర్లు పింఛను ఇంటికే తెచ్చి ఇచ్చారు. దాని విలువ 2024 వేసవిలో అది ఆగినప్పుడు తెలిసింది. ఎన్నికల నిబంధనల వల్ల వలంటీర్లు తప్పుకోగానే, మండుటెండలో గ్రామ, వార్డు సచివాలయాల ముందు, బ్యాంకుల ముందు వృద్ధులు బారులు తీరారు. జూలై నుంచి సచివాలయ ఉద్యోగులు మళ్ళీ గడపకే వస్తున్నారు. పాలకులు మారినా ఈ పద్ధతి నిలవడం నాకు ఆశ కలిగించే విషయం.

డబ్బు ఇలా గడప చేరింది. వైద్యం ఇంకా దారిలోనే ఉంది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్ల భయం తీర్చింది. కానీ వృద్ధాప్యపు జబ్బులు ఆపరేషనుతో తీరేవి తక్కువ. నెలనెలా బిళ్ళలు మింగుతూ మోసుకోవలసినవే ఎక్కువ. అందుకే 2008లో వచ్చిన 104 బండి నాకు గొప్పగా అనిపిస్తుంది. నెలకోసారి ఊరి నడిబొడ్డున ఆగి, బీపీ, షుగరు చూసి, మందులిచ్చి వెళ్ళే ఆ బండి వృద్ధుల అసలు అవసరాన్ని పట్టుకుంది. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రారంభించిన ఫ్యామిలీ డాక్టర్ విధానం ఆ బండితోపాటు డాక్టరునూ నెలకు రెండుసార్లు పల్లెకు పంపింది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు ఒక్క తొలి విడతలోనే కోటిన్నర మందికి పైగా కళ్ళు పరీక్షించింది. మసకబారిన చూపును వయసుతో వచ్చిన ఖర్మగా సరిపెట్టుకున్నవాళ్ళకు కళ్ళజోడు చేతికందింది.

ఈ బండ్లూ శిబిరాలూ లేచి నడవగలిగే వాళ్ళకే. మంచం పట్టినవారికి? 2010లో కేంద్రం తెచ్చిన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికోసారి వృద్ధుల క్లినిక్, కదలలేనివారికి ఇంటివద్దే పరామర్శ ఉండాలని చెప్పింది. తెలంగాణలో ‘ఆలన’ బండ్లు నయంకాని జబ్బులతో ఉన్నవారి ఇళ్ళకు వెళ్ళి నొప్పి తగ్గించే పని చేస్తున్నాయి. 2024 అక్టోబరులో 70 ఏళ్ళు దాటిన అందరికీ కేంద్రం ఐదు లక్షల రూపాయల ఆసుపత్రి బీమా కల్పించింది. అది మంచిదే. పడక పుండ్లు కడగడానికి, దారి మరిచిపోయే తాతను కనిపెట్టుకుని ఉండటానికి ఆ బీమా పనికిరాదు. ఆ చాకిరీ అంతా ఏ శిక్షణా లేని భార్య, కోడలు, కూతురు మీదే పడుతోంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీఖున పింఛను పట్టుకుని వెళ్ళే సచివాలయ ఉద్యోగి దగ్గర ఊళ్ళోని వృద్ధుల పేర్లున్నాయి, ఇళ్ళున్నాయి. అదే సచివాలయంలో ఏఎన్ఎం అనే ఆరోగ్య కార్యకర్త కూడా ఉంది. ఆ జాబితానే ఆమె చేతికిచ్చి, ఆమె మీదున్న తక్కిన పనిభారం తగ్గించి, నెలకోసారి అవే గడపలు తొక్కమంటే చాలు. బీపీ చూస్తుంది, మందులు సరిగ్గా వేసుకుంటున్నారో లేదో కనుక్కుంటుంది, కాలు జారి పడ్డారా అని అడుగుతుంది, మంచం పట్టినవారిని ఎలా పక్కకు తిప్పాలో కోడలికి చూపిస్తుంది. అరవై ఏళ్ళు పట్టి డబ్బు నడిచిన దారి ఇప్పుడు తయారుగా ఉంది. దాని మీద వైద్యం నడవడానికి మరో అరవై ఏళ్ళు పట్టకూడదు.