హిమఖండమును మన గోదావరి బొగ్గును

నేటి ప్రసంగవిషయము దక్షిణధ్రువమునందలి మంచుఖండము. దానిని అంటార్కిటికా యందురు. మన మంజీర యెక్కడ, ఆ మంచు ఎక్కడ యని మీలో కొందఱకు తోచవచ్చును. కాని మనకును దానికిని సంబంధము కలదు. అది బాదరాయణసంబంధము కాదు, రాతిసంబంధము. దానిని విన్నవించుటకే యీ ప్రసంగము.

మన జ్యోతిస్సిద్ధాంతకారులు భూమి గోళాకారమనియు, ఉత్తరధ్రువమున మేరువును దక్షిణధ్రువమున బడబాముఖమును గలవనియు, ఆ రెండు తావులందును ఆఱుమాసములు పగలు, ఆఱుమాసములు రాత్రి యనియు చెప్పిరి. అయిదవ శతాబ్ది కడపటివాడగు ఆర్యభటుని గ్రంథముననే యీ భావము కలదు. వారెవ్వరును ఓడనెక్కి యచటికి పోలేదు. గణితమే వారికి నేత్రము. ఆ యాఱుమాసముల మాట నేటికిని నిజము. అయితే బడబాముఖ మన్న పేరు విని యచట నగ్నిని వెదకువానికి కనబడునది మంచు. చిత్రమేమనగా, ఆ మంచు నడుమను ఎరిబస్ అను అగ్నిపర్వత మొకటి నేటికిని పొగలు గ్రక్కుచునే యున్నది.

ఆ ఖండముయొక్క వైశాల్యము సుమారు 1 కోటి 40 లక్షల చదరపు కిలోమీటర్లు. అనగా మన భారతదేశమునకు నాలుగింతలకు పైమాట. అందు నూటికి 98 పాళ్లు మంచు కప్పియున్నది. ఆ మంచు సగటున రెండు కిలోమీటర్ల మందము; కొన్ని తావుల నాలుగున్నర కిలోమీటర్లకు మించును. 1983వ సంవత్సరము జూలై 21వ తేదీన వోస్టాక్ అను స్థలమున శీతము సున్నకు దిగువ 89.2 డిగ్రీలకు దిగెను. ఇంత మంచు గలచోట వానలు మెండని తలంపకుడు. లోపలి పీఠభూమిని ఏడాదిపొడవున కురియు మంచును కరగించినను అయిదు సెంటిమీటర్ల నీరు కాదు. కురిసిన స్వల్పము కరగక, లక్షల యేండ్లుగా పేరుకొనుటచేతనే యది యంత మందమైనది. పిసినారి ధనమువలె వచ్చినది కొంచెము, పోయినది అంతకంటెను కొంచెము!

ఇక దాని కనుగొన్న కథ. ఆంగ్లనావికుడు కుక్కు 1773 జనవరిలో దక్షిణధ్రువవృత్తమును దాటెను. కాని మంచుగడ్డ లడ్డుపడగా నేలను చూడకయే మరలెను. 1820లో రష్యావాడగు బెల్లింగ్‌హౌసెన్ మొదలగువారు దానిని కన్నులార చూచిరి. ధ్రువబిందువును చేరుటకు 1911లో రెండు జట్లు బయలుదేరెను. నార్వేవాడగు అముండ్సెన్ నలుగురు తోడివారితో, కుక్కలు లాగు బండ్లపై పోయి డిసెంబరు 14వ తేదీన ధ్రువమును చేరెను. ఆంగ్లేయుడగు స్కాట్ నలుగురితో, కడపటి దూరమంతయు తామే బండిని లాగికొనుచు, 1912 జనవరి 17వ తేదీన చేరునప్పటికి నార్వే జెండా యచట నెగురుచుండెను.

తిరుగుత్రోవలో ఎవాన్సు అనువాడు మరణించెను. ఓట్సు అనువాడు కాళ్లు మంచుచే చెడిపోగా, తోడివారికి తాను భారము కారాదని, గుడారము వెడలి మంచుతుపానులోనికి నడచి మరల రాలేదు. స్కాటు, విల్సను, బోవర్సు అను మువ్వురు, ఆహారపుకొట్టు ఇంక 11 మైళ్ల దూరమున నుండగా గుడారముననే ప్రాణములు విడిచిరి. నవంబరులో వెదకవచ్చినవారికి వారి దేహములతోపాటు బండిపై నొక వస్తువు కనబడెను. అది 35 పౌనుల రాళ్లమూట! అడుగుతీసి యడుగు వేయలేని స్థితిలో గూడ వారు దానిని పాఱవేయలేదు. ఆ రాళ్లు వారు బేర్డ్‌మోర్ హిమానీనదపుటొడ్డున ఏరినవి.

ఆ రాళ్లను పండితులు పరిశీలింపగా, వానియందు నాలుకయాకారముగల యాకుల యచ్చులు కనబడెను. ఆ చెట్టు పేరు గ్లోసాప్టెరిస్. ఇప్పుడు మన ఇంటికి రండు. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. అదియే సింగరేణి బొగ్గు. ఆ గోదావరిలోయ బొగ్గుపొరలలో దొరకు ఆకులును గ్లోసాప్టెరిస్ జాతివే. మన మంజీర పోయి కలియు గోదావరియొడ్డునను, గడ్డిపరకైన మొలవని ఆ ధ్రువప్రాంతమునను ఒకే చెట్టు పెరుగుట యెట్లు?

ఈ ప్రశ్నకు జవాబు ఆ రెండును ఒకప్పుడు ఒకే నేల యనుట. ఆ మహాభూమికి గోండ్వానా యని పేరు. ఆదిలాబాదు అడవులలో గూడ నివసించు మన గోండులపేరనే లోకమంతయు దానిని పిలుచుచున్నది. సుమారు 13 కోట్ల సంవత్సరముల క్రిందట భారతభూమి ఆ ఖండమునుండి విడివడి యుత్తరమునకు సాగెను. విశాఖ మొదలగుచోట్ల మనము చూచు తూర్పుకనుమల రాళ్లకు దాయాదులు నేటికిని ఆ ఖండపు తూర్పుతీరమున కలవు. మఱియొక వింత: పెన్‌గంగయొడ్డున ఇరాయికడ, బొగ్గుపొరలకంటె పాతవగు రాళ్లపై, మంచుగడ్డలు ఒరసికొని పోయిన గీతలున్నవి. సుమారు 30 కోట్ల యేండ్లక్రిందట మన నేల మంచుక్రింద నుండెను. ఆపిమ్మట మంచుతొలగి యిక్కడను అక్కడను అడవులు పెరిగెను. నేడు అక్కడ మంచు, ఇక్కడ మామిడితోపులు. కాలచక్రము తిరుగుట యనగా నిదియే.

మన ప్రభుత్వము పంపిన మొదటి యాత్ర ఖాసింగారి నాయకత్వమున 1981 డిసెంబరులో గోవానుండి బయలుదేరి, 1982 జనవరి 9వ తేదీన అక్కడ దిగెను. పిమ్మట కట్టిన దక్షిణగంగోత్రి మంచులో కూరుకొనిపోయెను. ఆవల మైత్రియు, 2012లో భారతియు నెలకొనెను. మన హైదరాబాదునందలి జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థవారు మైత్రియందు భూకంపమాపక యంత్రమును నడపుచున్నారు. కణజీవశాస్త్ర సంస్థవారు అచటి మట్టిలో, అంతటి చలిలోను బ్రదుకు సూక్ష్మజీవులను కనుగొనిరి.

ఇదంతయు విన్న పిదప, దీనివలన మనకేమని యడుగుదురేమో. స్కాటు బండిపైనుండిన యాకుజాతియే మన బొగ్గయినది. ఆ బొగ్గును మనము విద్యుత్తుకొఱకును కర్మాగారముల కొఱకును మండించుచున్నాము. మన బిడ్డలకు కూలి దొరకుచున్నది, ఇంట దీపము వెలుగుచున్నది, కాదనరాదు. కాని లోకమంతట నిట్లు లేచు పొగ గాలిని వేడెక్కించి, ఆ చెట్టు పుట్టినిల్లే యగు దక్షిణపు మంచును కరగించుచున్నది. 2002 మొదలు ఏటేట సగటున పదివేల కోట్ల టన్నులకు మించిన మంచు ఆ ఖండమునుండి తరుగుచున్నదని ఉపగ్రహముల కొలతలు చెప్పుచున్నవి. అంతయు కరగినచో సముద్రము 58 మీటర్లు పెరుగును. అది వేల యేండ్ల మాట. కాని మీటరు పెరిగినను గోదావరి, కృష్ణల ముఖద్వారములందలి పల్లపుభూములకు చేటు. ఎగువనున్న మనము మునుగము. మునుగువారు మన వియ్యపువారు, మనకు బియ్యము పంపువారు.

1959లో పన్నెండు రాజ్యములు కూడి ఆ ఖండమున సైన్యములు నిలుపరాదని ఒడంబడిక చేసికొనెను. 1983లో మన దేశమును అందు చేరెను. 1991నాటి మఱియొక యొప్పందము అచట గనులు త్రవ్వుటను నిషేధించినది. గట్టుతగవులలో తరములు గడపిన మన గ్రామములు ఈ సంగతిని తలపోయదగినది. గట్టులేని నేల యొకటి భూమిపైనున్నది. దానిని పంచుకొనక కాపాడుదమని రాజ్యములు మాటయిచ్చినవి. ఆ మాట నిలుపుట రాజులవంతు. ఇంట వృథాగా వెలుగు దీపము నార్పుట, పొలముగట్టున నొక చెట్టు నాటుట మనవంతు. స్వస్తి.